దక్షిణ చిలీ ఎవరూ లేని నేల కాదు

సంపాదకులకు నమస్కారం.

దక్షిణ చిలీలోని సరస్సుల ప్రాంతం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. అక్కడి జర్మన్ ఇళ్ల గురించి చక్కగా రాశారు. కానీ మనుషులే లేని అడవికి జర్మన్లు వచ్చి కాపురం పెట్టారనడం తప్పు. స్కూల్లో చరిత్ర చెప్పినవాణ్ణి కాబట్టి చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను.

ఈ వలసకు ఆద్యుడు బెర్న్‌హార్డ్ ఫిలిప్పీ అనే జర్మన్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు. మొక్కలు, జంతువుల నమూనాలు సేకరిస్తూ తిరిగిన ఆయన 1842లో యాంకీవే సరస్సు చేరాడు. ఆ చుట్టుపక్కల జర్మన్లను స్థిరపరచాలని చిలీ ప్రభుత్వం వెంటపడ్డాడు. 1845లో వలస చట్టం వచ్చింది. 1848లో ప్రభుత్వం ఆయన్నే ఏజెంటుగా జర్మనీ పంపింది.

ఆ నేల అక్కడి మూలవాసులైన హుయిలిచేలది. 1793లోనే స్పెయిన్ అధికారులు ఒసోర్నో దగ్గర వాళ్లతో కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. ఎవరూ లేకపోతే ఆ ఒప్పందం ఎవరితో చేసుకున్నట్టు? తర్వాత చిలీ ప్రభుత్వం ఆ భూముల్ని సర్కారువిగా లెక్కకట్టి పంచేసింది.

ఇక అడవి సంగతి. చిలీలో వలసల బాధ్యత చూసిన విసెంతె పెరెస్ రొసాలెస్, వలస వచ్చేవాళ్లకు నేల ఖాళీ చేయడానికి పిచీ హువాన్ అనే స్థానికుడికి డబ్బిచ్చి అడవికి నిప్పు పెట్టించాడు. మంటలు మూడు నెలలు ఆరలేదని ఆయనే తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. అక్కడి అలెర్సే చెట్టు ఏళ్ల తరబడి పెరిగినా లావెక్కేది కొద్దిగానే. వలయాలు లెక్కపెడితే 3,600 ఏళ్లు దాటిన అలెర్సే కూడా ఉందని తేలింది. దాని చెక్కను సన్నటి పలకలుగా చీల్చి ఇంటి కప్పులు వేసేవారు. చిలోయే దీవిలో ఆ పలకలే డబ్బుగా కూడా చెల్లేవి. అంత విలువైన చెట్టును నరకకూడదని చట్టం చేయడానికి చిలీకి 1976 దాకా పట్టింది.

వలస వచ్చిన కుటుంబాలను నిందించడం నా ఉద్దేశం కాదు. సముద్రాలు దాటి, బురదలో, ఎడతెగని వానల్లో వాళ్లు పడ్డ పాట్లు తక్కువేమీ కావు. వాల్దీవియాలో బీరు ఫ్యాక్టరీ పెట్టిన కార్ల్ అన్‌వాంటర్ లాంటివాళ్లు చిలీనే తమ దేశమనుకుని బతికారు. వాళ్ల కష్టం గురించి రాయాల్సిందే. కానీ ఎవరి భూమి మీద ఆ కష్టం పడ్డారో కూడా రాయాలి కదా! హుయిలిచేల వారసులు ఇప్పటికీ ఆ భూముల కోసం కొట్లాడుతున్నారు.

దయచేసి ఆ వాక్యానికి సవరణ వేయండి. వీలైతే హుయిలిచేల గురించి, 1793 ఒప్పందం గురించి అదే అనుబంధంలో ఇంకో వ్యాసం ఇవ్వండి.

ఇట్లు,
విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు,
తెనాలి