నా చెవిలో చదివినవాళ్లు

శ్రీకాకుళం,
ఆదివారం రాత్రి.

ఒరే బావా,

మొన్న ఫోన్లో అడిగావు గదా, "రైల్లో రోజూ చెవులు మూసుకుని ఏం వింటున్నావురా" అని. అప్పటికి బండి నెల్లిమర్ల దాటి విజయనగరంలోకి దూరుతోంది. దిగే హడావుడిలో "తరవాత చెప్తాను" అన్నాను. ఆ తరవాత ఇవాళ్టికి వచ్చింది. అమ్మ పడుకుంది, ఇంట్లో కాగితాలు దొరికాయి. నువ్వు టీ పెట్టుకుని కూర్చో. పొట్టిగా రాయడం నాకు చేతకాదని నీకు తెలుసు.

అసలు ఈ వినుడు మొదలైంది నాతో కాదు, అమ్మతో. కిందటి వేసవిలో అమ్మకి కంటి ఆపరేషన్ అయింది గదా. కొన్నాళ్లు పుస్తకం పట్టొద్దన్నారు. వారపత్రికని అట్ట నుంచి అట్ట దాకా, ప్రకటనలతో సహా చదివే మనిషి. రెండు రోజులకే ఇల్లంతా విసుగు. సరే అని ఫోన్లో ఎవరెవరో చదివిన కథలు పెట్టి ఇచ్చాను. చింతపండు పిక్కలు తీస్తూ వినేది. మూడో రోజుకి తీర్పులు మొదలయ్యాయి. "ఈడు ముక్కుతో సదువుతున్నాడు, మార్చు." "ఈవిడ మనల్ని ఏడిపించాలని కూకుంది, నానేడవను." కళ్లు బాగుపడ్డాక కూడా పుస్తకాల వైపు పోలేదు. పైగా ఆ జబ్బు నాకు అంటించింది. ఆముదాలవలసలో ఎక్కితే విజయనగరం గంట ప్రయాణం. స్టేషన్‌కి ఆటో, బండి కోసం ఎదురుచూపులు, మళ్లీ రావడం, అన్నీ కలిపితే రోజుకి మూడు గంటలు. ఇన్నేళ్లూ ఆ మూడు గంటలు పేకాట బ్యాచికి ధారపోశాను. ఇప్పుడు వాళ్లు నన్ను మనిషిగా లెక్కెయ్యడం లేదు.

ఈమధ్య పూర్తి చేసినవాటిలో ముందు చెప్పాల్సింది ట్రెవర్ నోవా అనే కమెడియన్ ఆత్మకథ 'బార్న్ ఎ క్రైమ్'. 2016లో వచ్చింది, ఆడియోలో తనే చదువుకున్నాడు. తొమ్మిది గంటలకి కాస్త తక్కువ. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి కాపరం చేస్తే నేరమైన రోజుల్లో, దక్షిణాఫ్రికాలో, ఖోసా తల్లికీ స్విస్ తండ్రికీ పుట్టాడు. పుట్టుకే నేరమని పేరు అలా పెట్టాడు. అందులో ఒకచోట వీధిలో కొందరు కుర్రాళ్లు ఇతని వెనకే నడుస్తూ, వీణ్ణి దోచుకుందామని జులూలో మాట్లాడుకుంటారు. ఇతను గిరుక్కున తిరిగి అదే జులూలో, మనందరం కలిసి ఇంకెవణ్ణయినా దోచుకుందాం రండి అంటాడు. వాళ్లు తెల్లబోయి, మావాడే అనుకుని ఊరుకుంటారు. కాగితం మీద అయితే ఆ జులూ మాటల మీంచి నా కన్ను జారిపోయేదే. చెవిలో మాత్రం అవి గలగలా పడ్డాయి. ఒక్క ముక్క తెలీకపోయినా, వాడు తన ఇంట్లోకి నడిచి వెళ్లినట్టు తెలిసింది. భాష మార్చగానే మనిషి గొంతులో నడుమే వేరేగా తిరుగుతుందిరా.

అది వింటుంటే నువ్వు గుర్తొచ్చావు. హైదరాబాదు వెళ్లిన మొదటి ఏడాది పండక్కి వచ్చి, "త్వరగా రండి" అన్నావు చూడు మా అమ్మతో. "బేగి" ఎక్కడ పారేశావురా అని అమ్మ ముఖం మీదే అడిగింది. రాత్రి భోజనాల వేళకి అది తిరిగొచ్చిందనుకో.

ఆ పుస్తకం అమ్మకి కూడా ముక్కలు ముక్కలుగా తెలుగులో చెప్పాను. కదులుతున్న వ్యానులోంచి తల్లి పిల్లాణ్ణి బయటికి తోసి, పసిబిడ్డతో తనూ దూకేసిన చోట పిక్కలు తీయడం ఆపేసింది. "దానికి గుండె ఉందిరా" అంది. అంతే. మళ్లీ చింతపండు.

మా అక్క కొడుకు పట్టుబట్టి వినిపించింది ఆండీ వీయర్ అంతరిక్ష నవల 'ప్రాజెక్ట్ హెయిల్ మేరీ'. రే పోర్టర్ చదివాడు. పదహారు గంటలు! అందులో వేరే లోకపు జీవి ఒకటి స్వరాలతో మాట్లాడుతుంది. ఆడియోలో నిజంగానే ఆ స్వరాలు వినిపిస్తాయి, బాగుంది. పోర్టర్ గొంతు కూడా హాయి. లెక్కలూ భౌతికశాస్త్రమూ వచ్చిన చోట్ల మాత్రం పొందూరులో కళ్లు మూస్తే చీపురుపల్లిలో తెరిచేవాణ్ణి. మళ్లీ వెనక్కి జరపడం, మళ్లీ నిద్ర. పూర్తి చేశాను కాబట్టి లెక్కలోకి వేసుకుంటున్నాను.

ఇంక మన తెలుగు సంగతి. ఇక్కడే నాకు నీతో పని.

మొదట ఒక వ్యక్తిత్వ వికాసం పుస్తకం ఉచితంగా దొరికితే పెట్టాను. మనిషి కాదు చదివింది, యంత్రం. "డా." అని రాసి ఉంటే "డా" అని ఊరుకుంది. సంవత్సరం వస్తే ఒకటి తొమ్మిది తొమ్మిది ఏడు అని అంకెలన్నీ వరసగా చదివింది. ఆ గొంతు నన్ను జీవితంలో పైకి రమ్మంది. నేను దూసిలో ఆపేశాను.

యంత్రాన్ని ఏమంటాం, పాపం. మనిషి చేసిన ఘోరం విను. మన వైపు కథల సంపుటి ఒకటి, రచయిత పేరు చెప్పనులే, చదివినాయన పేరు అసలే చెప్పను. మంచి కంచు కంఠం. ఉచ్చారణలో వంక పెట్టడానికి లేదు, ణ, ళ, అన్నీ వాటి వాటి చోట్లలో ఉన్నాయి. కథలో ఒక ముసలమ్మ వచ్చి, "ఏటి నాయినా?" అని అడుగుతుంది. ఆయన ఏం చేశాడో తెలుసా? 'ఏటి గట్టు', 'ఏటి నీళ్లు' అన్నప్పుడు ఎలా అంటామో అలా చదివాడు. 'ఏమిటి' అనే ఏటి కాదు, ఏరులోని ఏటి! ముసలమ్మ నాయనని నదిలోంచి పిలిచినట్టుంది. రాతలో రెండూ ఒకటే కదా, తేడా అంతా రాగంలో ఉంది. మనవాళ్లు ప్రశ్న వేసినప్పుడు చివర ఎత్తి, కొంచెం సాగదీసి వదులుతారు. అది ఏ అక్షరంలోనూ రాయలేం. ఆ రాగం తెలియని గొంతుకి ముసలమ్మ దొరకదు.

ఇంకో రకం ఉంది, ఇది ఇంకా ప్రమాదం. యాస వచ్చింది అనగానే హుషారు తెచ్చుకునేవాళ్లు. సినిమాల్లో నవ్వించడానికి పెట్టే శ్రీకాకుళం పనిమనిషి గొంతు తీసుకొచ్చి, చావు దగ్గర కూడా అదే వాడతారు. కథలో కొడుకు పోయాడని తల్లి ఏడుస్తుంటే చుట్టుపక్కల ఎవరో నవ్వుతారేమో అనిపించింది నాకు. అమ్మ అయితే "ఒగ్గీరా దాన్ని" అని ఫోను నా చేతికిచ్చేసింది.

అలా విసిగిన రోజుల్లో దొరికింది కాళీపట్నం రామారావు మాస్టారి 'యజ్ఞం', పాత అప్పు మీద ఊరి పంచాయితీ కథ. రెండు గొంతులు విన్నాను. మొదటివాడు వెనకాల వయొలిన్ పెట్టాడు. పంచాయితీ కూర్చుంటే వయొలిన్, అప్పు లెక్క తేలుతుంటే వయొలిన్. వాక్యం మీద నమ్మకం లేనివాడే సంగీతం మీద పడతాడు. రెండో ఆయన పెద్ద వయసు మనిషిలా ఉన్నాడు. ఇంట్లోనే రికార్డు చేసినట్టుంది, ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వస్తోంది, ఒకచోట కాకి కూడా అరిచింది. గొంతు పెద్ద గొప్పది కాదు. కానీ ఆయన ఆ కథని దస్తావేజు చదివినట్టు చదివాడు బావా. ఎవరి పక్షమూ తీసుకోలేదు. ఊరి పెద్ద శ్రీరాములు నాయుడు మాట్లాడితే ఆయన చెప్పేదే సబబు అనిపించింది, అప్పున్న అప్పల్రాముడు మాట్లాడితే ఇదీ సబబే అనిపించింది. మాస్టారు రాసింది కూడా అలాగే కదా. 1966 నుంచి ఈ కథ మీద జనం కొట్టుకుంటూనే ఉన్నారంటే కారణం అదే. చివర అప్పల్రాముడి కొడుకు సీతారాముడు చేసిన పని దగ్గరికి వచ్చేసరికి నాకు లోపల దడ. ఇక్కడ ఈయన కూడా గొంతు పెంచుతాడు, పాడు చేస్తాడు అనుకున్నాను. పెంచలేదు. ఇంకా కొంచెం తగ్గించాడు. అయిపోయాక వెంటనే ఆపకుండా కాసేపు ఊరికే వదిలాడు. ఆ ఫ్యాను చప్పుడొక్కటే.

బండి విజయనగరంలో ఆగింది. నేను దిగలేదు. పక్కాయన భుజం తట్టి లేపితే గానీ లేవలేదు, నిద్రపోయాననుకున్నాడు.

ఆ ఆదివారం అమ్మకి అదే వినిపించాను, అడ్డు చెప్పకుండా మొత్తం వింది. చాలాసేపయ్యాక, "మీ తాత కూడా ఒక కాయితం ఇంట్లో పెట్టుకుని ఇరవై ఏళ్లు నిద్దరోలేదు" అంది. నాకు ఈ సంగతి ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదురా. వివరం అడిగితే "ఇప్పుడెందుకులే" అని లేచిపోయింది. నువ్వు వచ్చినప్పుడు నువ్వే అడుగు, నీకైతే చెప్తుంది.

మాస్టారు తనకొచ్చిన అవార్డు డబ్బుతో మొదలుపెట్టిన కథల లైబ్రరీ, కథానిలయం, ఇక్కడే మన ఊళ్లోనే ఉంది కదా, 1997 నుంచి. ఆ వీధిలోంచి పోతున్నప్పుడల్లా ఇప్పుడు నాకు ఒకటే ఆలోచన: ఆ అలమరాల్లో ఉన్నవాటిలో ఎన్నింటిని ఎవరైనా ఒక్కసారి పైకి చదివి ఉంటారు?

చాసో గారి 'ఎందుకు పారేస్తాను నాన్నా' గురించి రెండు ముక్కలు. చదువు ఆగిపోయిన కుర్రాడు, చుట్టలకి పంపిన నాన్న. విజయనగరం రచయిత, విజయనగరం రైల్లో విన్నాను. ఒకమ్మాయి చదివింది. పెద్దవాళ్ల గొంతులు దొంగవి పెట్టకుండా ఒకే గొంతుతో నడిపింది, అది నాకు బాగా నచ్చింది. అయితే పేరులో ఉన్న ఆ మాట దగ్గర కన్నీళ్లు కలిపేసింది. ఆ పిల్లాడు ఏడుస్తూ అనడు అనుకుంటాను నేను. వాడు మామూలుగా అంటాడు, ఏడుపు మనకి రావాలి. నువ్వేమంటావు?

ఇంక అసలు సరదా. మొన్న ఒక మధ్యాహ్నం ఆఫీసులో కరెంటు పోతే, బొంకుల దిబ్బకి నడిచి వెళ్లాను. 'కన్యాశుల్కం' మొదటి రంగం జరిగే చోట కూర్చుని మొదటి రంగం విందామని. నవ్వకు. 1892లో ఇదే ఊళ్లో మొదటిసారి ఆడారు, మనం చదువుకునేది 1909లో గురజాడ తిరగరాసి పెంచినది. కొబ్బరిబోండాల బండి నీడలో నిలబడి చెవిలో గిరీశాన్ని పెట్టుకున్నాను. ఒక్కడే అన్ని పాత్రలూ చదివాడు. మధురవాణికి సన్నటి కీచుగొంతు పెట్టాడు, దాన్ని క్షమించను. ఆ నాటకం మొత్తంలో అందరికన్నా నింపాదిగా మాట్లాడేది ఆవిడే కదా! గిరీశం ఇంగ్లీషేమో ఇప్పటి కాల్‌సెంటర్ ఇంగ్లీషు. గిరీశం ఇంగ్లీషులో గొప్ప ఉండాలి, దాని కింద బొక్క కూడా వినపడాలి. అయినా ఎదురుగా ఆటోలు, స్కూలు పిల్లలు, బోండాలాయన బేరం, చెవిలో వెంకటేశం. పావుగంట నాకు ఏ ఏడాదిలో ఉన్నానో తెలీలేదు. బోండాలాయన "ఏటి బావూ, తవరికి కొట్టమంటారా?" అన్నాడు. చూశావా, ఏటి! ఆయన్ని కూర్చోబెట్టి సంపుటి మొత్తం చదివించాలనిపించింది.

ఇంటికొచ్చి అమ్మకి చెప్తే, "మన వెంకటేశం ఏడి?" అంది. నువ్వే! పదో తరగతిలో ఆ వేషం వేసి, రెండో మాటకే మర్చిపోయి, మర్చిపోయినట్టు కూడా వెంకటేశం లాగే నిలబడ్డావు, జనం నాటకమే అనుకుని చప్పట్లు కొట్టారు. అది కాదు గానీ, ఆ ముందు సంవత్సరం తెలుగు మాస్టారికి జలుబు చేసినప్పుడల్లా పాఠం నీ చేత చదివించేవారు. అమ్మ బడి పక్క బావికి నీళ్లకొచ్చి, బిందె పెట్టుకుని గోడవతల నిలబడి వినేదట. ఇన్నాళ్లకి నిన్ననే చెప్పింది. "ఆ గుంటడు సదివితే బాగుణ్ణు" అంది. నీకు నలభై ఆరేళ్లు, ఇంకా గుంటడివే ఆవిడకి.

కాబట్టి నీకు పని పెడుతున్నాను. గురజాడ 'దిద్దుబాటు', 1910 నాటిది. చిన్న కథ, పావుగంట కన్నా పట్టదు. చదివి పంపు. గొంతులు మార్చొద్దు, వయొలిన్ అసలొద్దు. ఫోను మూతికి మరీ దగ్గర పెట్టకు, ప కారాలు పేలుతాయి. దుప్పటి కప్పుకుని చదివితే గది మోత రాదట, నేను ప్రయత్నించాను, చెమట పట్టి చచ్చాను గానీ నిజమే. తప్పు చదివితే ఆగి ఆ వాక్యం మొదటి నుంచి చదువు, నేను కత్తిరిస్తాను. ఫ్యాను మాత్రం ఉంచు, అమ్మకి అది అలవాటైపోయింది.

మా చెల్లిని అడిగానని చెప్పు. కుక్కర్ విజిల్ పడినా తీసెయ్యకు.

నీ,
పేకాట మానేసిన బావ