మైదానానికి చేరని బయోమెకానిక్స్

వ్యాయామ విద్యలో బయోమెకానిక్స్ (శరీర కదలికలను, వాటి వెనుక బలాలను వివరించే శాస్త్రం) పరీక్ష పేపరుకే పరిమితమై మైదానానికి చేరకపోవడం వల్ల బడి పిల్లల మోకాళ్లు, చీలమండలు చిన్న వయసులోనే దెబ్బతింటున్నాయి. వ్యాయామ విద్య డిగ్రీ అయిన బి.పి.ఇడి.లో ఆ సబ్జెక్టు చదివి పాసైనవారే పిల్లల ముందుకు వచ్చేసరికి ‘గట్టిగా దూకు, బలంగా విసురు’ అనడంతో సరిపెడుతున్నారు. ఉద్యోగంలో ఉండగా నేనూ చాలాకాలం అలాగే చెప్పాను. ఇటీవల ఒక మండల స్థాయి లాంగ్‌జంప్ పోటీలో ఇసుక గుంత గట్టిపడి ఉన్నా తిరగేయడానికి పార కూడా లేదు. ఒక బాలిక మోకాళ్లు వంచకుండా కర్రలా దిగి, లేవలేక అక్కడే కూర్చుండిపోయింది. దిగేటప్పుడు తుంటి, మోకాలు, చీలమండ వంగితే శరీరం ఆగడానికి పట్టే సమయం పెరిగి, కీళ్లపై పడే గరిష్ఠ బలం తగ్గుతుందన్నది హైస్కూలు భౌతికశాస్త్రమే. షాట్‌పుట్ నేర్పేటప్పుడు నేటికీ 45 డిగ్రీల కోణమనే చెబుతున్నారు. కానీ గుండు చేతిని వీడేది అది పడే నేల కంటే ఎత్తున కాబట్టి, పైగా కోణం పెరిగేకొద్దీ విసిరే వేగం తగ్గుతుంది కాబట్టి, మేటి క్రీడాకారులు సాధారణంగా 40 డిగ్రీల లోపే విసురుతారు. ఇవన్నీ నేర్పడానికి ఖరీదైన ప్రయోగశాలలు అక్కర్లేదు (ఉన్నచోట తాళం తీసేవారుండరు). సెల్‌ఫోన్‌లో స్లోమోషన్ వీడియో తీసి, దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలుతోందో లేదో ఆ పిల్లలకే చూపిస్తే చాలు. ఉభయ రాష్ట్రాల విద్యాశాఖలు వేసవి శిబిరాలకు ముందే పీఈటీలకు తరగతి గదిలో కాక మైదానంలోనే మూడు రోజుల శిక్షణ ఇవ్వాలి. ఇసుక గుంత తవ్వి వదులు చేశాకే లాంగ్‌జంప్ మొదలుపెట్టాలన్న నిబంధనను ప్రతి స్థాయి పోటీలోనూ అమలు చేయాలి.

– ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు