అక్క నడిచి వెళ్ళింది: మా పర్లాకిమిడి వారికి కృతజ్ఞతలు

గత నవంబరులో శంషాబాద్ విమానాశ్రయం నుంచి చక్రాల కుర్చీలో బయటకు వచ్చిన మా అక్క, మొన్న మార్చి నెలాఖరున విశాఖపట్నం విమానాశ్రయంలోకి చేతికర్ర కూడా లేకుండా నడిచి వెళ్ళింది. ఈ మధ్య గడిచిన నాలుగు నెలల్లో మా కుటుంబానికి తోడు నిలిచిన వారందరికీ కృతజ్ఞతలు తెలియజేసుకోవడానికి ఈ మాటలు రాస్తున్నాను. ఇంటికి వెళ్ళి చెప్పబోతే కొందరు చెప్పనివ్వలేదు, కొందరి పేర్లు నేను ఆ తొందరలో అడగనే లేదు, తమ పేరు ఎక్కడా రాయవద్దని మరికొందరు ముందే మాట తీసుకున్నారు. అందుచేత ఇక్కడ వారెవరి పేరూ ఉండదు. ఎవరి సంగతి వారికి తెలుస్తుంది.

అక్కకు 63 ఏళ్ళు. బావగారు పోయిన తరువాత కొడుకు దగ్గర ఉండడానికి అమెరికా వెళ్ళి మూడేళ్ళయింది. వెళ్ళేనాటికే అరుగుదల ఉన్న కుడి మోకాలు, రోజుకు పదిసార్లు మెట్లెక్కి దిగవలసిన ఆ ఇంట్లో, ఎముక ఎముకకు రాసుకునే స్థితికి వచ్చింది. మోకీలు మార్పిడి తప్ప దారి లేదని అక్కడి వైద్యుడు చెప్పారు. ఆ దేశంలో వృద్ధులకు ఉండే మెడికేర్ బీమా 65 ఏళ్ళు నిండినవారికి. అక్కడ ఉద్యోగం చేసి పన్నులు కట్టని గ్రీన్‌కార్డుదారులైతే అయిదేళ్ళు ఎడతెగని నివాసం కూడా చూపించాలి, ఆపైన నెలనెలా రుసుము కట్టుకోవాలి. అక్కకు వయసూ చాలలేదు, నివాసమూ చాలలేదు. అబ్బాయి పనిచేసే కంపెనీ బీమాలో భార్యాబిడ్డలకు చోటుంది గాని కన్నతల్లికి లేదు. కొత్తగా వలస వచ్చినవారికని అమ్మే చవక బీమా ఒకటి తీసుకున్నారు గాని, రాకముందే ఉన్న జబ్బులు దానిలో చేరవని తీరా అవసరం పడ్డాక తెలిసింది. అక్కడి ఆసుపత్రి వారు చెప్పిన అంచనా నలభై వేల డాలర్ల పైమాట. అప్పు చేసైనా చేయిస్తానని అబ్బాయి అన్నాడు. "ఈ కాలు పర్లాకిమిడిలో నడక నేర్చిన కాలు, అక్కడికే పంపించు" అని అక్క తేల్చిచెప్పింది. పర్లాకిమిడి అంటే ఆంధ్రా సరిహద్దును ఆనుకుని ఒడిశాలో ఉన్న మా ఊరు.

1984లో ఎన్.టి.రామారావు గారు గుండె ఆపరేషన్‌కు అమెరికా వెళ్ళివచ్చిన రోజులు నాకు బాగా గుర్తున్నాయి. ఆగస్టు 16న ఆయన పదవి పోవడం, సరిగ్గా నెలకు మళ్ళీ రావడం, రాష్ట్రం వేరైనా మా వీధి వీధంతా రేడియో చుట్టూ కూర్చుని విన్నది. పెద్ద జబ్బు చేస్తే స్తోమతున్నవారు విమానమెక్కి పడమటికి పోవాలి, లేనివారు దేవుడికి మొక్కుకోవాలి అన్నదే ఆనాటి లెక్క. అంతకు ఏడాది ముందే, 1983లో, చిత్తూరు జిల్లా అరగొండకు చెందిన డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి గారు చెన్నైలో అపోలో ఆసుపత్రి తెరిచారు గాని, ఆ తోవ ఎంత దూరం పోతుందో అప్పట్లో మాబోటి వారికి తెలియదు. ఇప్పుడు బంగ్లాదేశ్ నుంచి, ఒమన్, ఇరాక్ వంటి దేశాల నుంచి, ఆఫ్రికా నుంచి రోగులు మన నగరాలకు వస్తున్నారు. 2017 నుంచి చాలా దేశాల వారికి ఆన్‌లైన్‌లోనే వైద్య వీసా దొరుకుతోంది; అరవై రోజుల గడువు, మూడుసార్లు రాకపోకలు, రోగి వెంట ఇద్దరు తోడు. అదే ఏడాది ఆగస్టులో, మోకీలులో అమర్చే కోబాల్ట్ క్రోమియం పరికరానికి కేంద్ర ప్రభుత్వం 54,720 రూపాయలని గరిష్ఠ ధర కట్టింది. అంతకు ముందు అది లక్షన్నర దాటి అమ్ముడయ్యేది. అక్క భారత పౌరురాలే కాబట్టి వీసాతో పని లేకపోయింది. అమెరికా బయట ఆరు నెలలు దాటితే గ్రీన్‌కార్డు విషయంలో ప్రశ్నలు వస్తాయన్న ఒక్క జాగ్రత్త తప్ప, ఆమె కూడా విదేశాల నుంచి వచ్చే రోగుల వంటిదే.

ఆ పోలిక మాకు హైదరాబాదులోనే కనిపించింది. అబ్బాయి ఆన్‌లైన్‌లో ఒక మధ్యవర్తి ద్వారా మాట్లాడిన ఆసుపత్రికి మొదట వెళ్ళాము. అక్కడ అమెరికా చిరునామా చూసి ఎస్టిమేట్ డాలర్లలో వేసి ఇచ్చారు. మాది ఒడిశా, గజపతి జిల్లా, పాస్‌పోర్టు భారతదేశానిదే అని నేను ఆధార్ కార్డు తీసి చూపించాక, అదే గది, అదే వైద్యుడు, అదే పరికరం, అంకె మాత్రం సగానికి కొంచెం పైన ఆగింది. ఒక మోకాలికి చిరునామాను బట్టి రెండు ధరలుండడం నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు, అక్కడ చేయించలేదు. అయితే ఆ హాలులో మా పక్కన ఒమన్ నుంచి వచ్చిన దంపతులు కూర్చున్నారు. భార్యకు వెన్నెముక ఆపరేషన్ అయి పన్నెండు రోజులట. అరబ్బీ తెలిసిన దుబాసీ ఒకతను రోజు కూలికి వారి వెంట ఉన్నాడు. అద్దె గదిలో వంట భర్తదే, బట్టలుతకడమూ ఆయనదే, మందుల చీటీ ఏ పూటదో అర్థం కాక రాత్రిళ్ళు దుబాసీకి ఫోను చేసేదీ ఆయనే. అవన్నీ దుబాసీ నోట విని బయటకు వచ్చాక అక్క అన్న మాట ఒక్కటే: "పాపం, వాళ్ళకి ఇక్కడ పర్లాకిమిడి లేదు కదే."

ఆ మాటకు అర్థం నాకు తరువాతి వారాల్లో తెలిసివచ్చింది.

విశాఖపట్నంలో డిసెంబరు మొదటి వారంలో ఆపరేషన్ జరిగింది. శస్త్రచికిత్స చేసిన డాక్టరు గారు ముందురోజు సాయంత్రం మంచం అంచున కూర్చుని, ప్లాస్టిక్ నమూనా చేత్తో పట్టుకుని, ఏ ఎముక ఎంత కోస్తారో, ఏది అలాగే ఉంచుతారో అక్కకు తెలుగులో విడమరచి చెప్పారు. మూడేళ్ళుగా తన కాలి గురించి కొడుకు తర్జుమా చేసి చెబితేనే వింటున్న మనిషికి అది ఎంత పెద్ద ఊరటో నేను దగ్గరుండి చూశాను. రాత్రి డ్యూటీ సిస్టర్ కోరాపుట్ అమ్మాయి. మాది పర్లాకిమిడి అని తెలియగానే ఒడియాలో పలకరించి, మూడు రాత్రులూ నన్ను కాసేపైనా పడుకోమని పంపించి తాను చూసుకున్నది. అక్కది ఓ నెగెటివ్ రక్తం. ముందుజాగ్రత్తగా ఒక యూనిట్ సిద్ధంగా ఉంచమన్నప్పుడు, మా ఊరి నుంచి వెళ్ళి విశాఖలో పనిచేసుకుంటున్న ఇద్దరు కుర్రవాళ్ళు కబురందిన రెండు గంటల్లో వచ్చారు. వారిలో ఒకరు నా దగ్గర ఏడో తరగతిలో తెలుగు చదువుకున్నవాడట. నేను గుర్తుపట్టలేకపోయినందుకు ఇక్కడ క్షమాపణ కూడా చెప్పుకుంటున్నాను.

అయిదో రోజున ఇంటికి తీసుకువచ్చాము. తీసుకువచ్చిన వ్యాను డ్రైవరు, కాలు చాపుకోవడానికి వీలుగా ముందే ఒక సీటు విప్పించి పరుపు వేయించాడు; శ్రీకాకుళం, పాతపట్నం మీదుగా వచ్చినంత దారీ గంటకొకసారి బండి ఆపి, అక్క మడమలు ఆడించుకున్నాకే కదిలించాడు. రక్తం గడ్డకట్టకుండా ఉండడానికి ఆసుపత్రిలో చెప్పిన వ్యాయామం అది. నేను ఒకసారి చెప్పిన మాటను అతను నాకంటే బాగా గుర్తుపెట్టుకున్నాడు.

మా ఇల్లు మేడమీద. పద్నాలుగు మెట్లు ఎక్కడం ఆ స్థితిలో అయ్యేపని కాదు. ఎదురింటి ఒడియా మావుసీ (ఒడియాలో పిన్నమ్మ), మేము అడగకముందే, తన ఇంట్లో కింది ముందు గది ఖాళీ చేయించి, పూజాపటాలు లోపలి గదికి మార్చి, తాళంచెవి మా చేతిలో పెట్టింది. ఏడు వారాలు అక్క అక్కడే ఉంది. అద్దె అన్నమాట ఎత్తితే మావుసీ మూడు రోజులు నాతో మాట్లాడడం మానేసింది. నేల మీద కూర్చోకూడదు, గొంతుక్కూర్చోకూడదు కాబట్టి, మా వీధి చివరి వడ్రంగి పాత కుర్చీకి నడుమ కోసి, కాళ్ళు పొడవు చేసి, కమోడ్ కుర్చీగా మార్చి ఇచ్చాడు. గుమ్మం దగ్గర గడప ఎత్తు తగ్గేలా చెక్క పలక కూడా అమర్చాడు. సంక్రాంతికి మావుసీ అరుగు మీద కుర్చీ వేసి అక్కను కూర్చోబెడితే, వీధిలో పిల్లలు వేసిన ముగ్గులకు పొద్దుటంతా తీర్పులు చెప్పింది.

ఫిజియోథెరపీ చేసిన అబ్బాయి గురించి రెండు మాటలు చాలవు. పాతపట్నంలో ఉంటాడు, రోజూ పొద్దున్నే ఆంధ్రా నుంచి బండి మీద సరిహద్దు దాటి వచ్చేవాడు. మోకీలు మార్పిడిలో ఆపరేషన్ సగం పని మాత్రమే, కాలు వంగడం మిగతా సగం అని అతను చెబితేనే తెలిసింది. మొదటి పది రోజులు అక్క నొప్పికి ఏడ్చేది, అతన్ని తిట్టేది, రేపటి నుంచి రావద్దనేది. "అలాగేనమ్మా, రేపు రాను, ఈరోజుకి ఇంకో అయిదు డిగ్రీలు వంచండి" అనేవాడు. మర్నాడు ఏడు గంటలకల్లా గుమ్మంలో ఉండేవాడు. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు అన్న సూత్రాన్ని పాటలా చెప్పించేవాడు. తొంభై డిగ్రీలు వంగిన రోజున అతనే మిఠాయి తెచ్చాడు.

తొమ్మిదో రోజు రాత్రి జరిగినది తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. పదకొండు గంటలకు అక్క పిక్క వాచి, గట్టిపడి, ముట్టుకుంటే నొప్పి అన్నది. రక్తనాళంలో రక్తం గడ్డ కట్టి, అది ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదకు వస్తుందని ఆసుపత్రి కాగితంలోనే రాసి ఉంది. ఆపరేషన్ చేసిన డాక్టరు గారు ఉన్నది నాలుగు గంటల దూరంలో. మా ఊళ్ళో ఒక డాక్టరమ్మ ఆ రాత్రివేళ నైటీ మీద శాలువా కప్పుకుని నడిచి వచ్చి, కాలు చూసి, విశాఖ డాక్టరు గారితో ఫోనులో మాట్లాడి, తెల్లవారుజామునే శ్రీకాకుళంలో డాప్లర్ స్కాన్ (రక్తనాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే పరీక్ష) చేయించమన్నారు. తెల్లవారేదాకా ఆవిడ మా దగ్గరే కూర్చున్నారు. స్కాన్ సెంటరు తెరిచే వేళ ఎనిమిదిన్నర అయినా, టెక్నీషియన్ ఆరున్నరకే వచ్చి తాళం తీశాడు. గడ్డ లేదు; ఎక్కువసేపు కాలు కిందికి వేలాడేసి కూర్చోవడం వల్ల వచ్చిన వాపు మాత్రమే. అమెరికాలో ఉన్న అబ్బాయి ఆ రాత్రి అక్కడ తనకు తెలిసిన డాక్టరును అడిగితే, వేరే దేశంలో ఎవరో చేసిన ఆపరేషన్ గురించి తాను ఏమీ చెప్పలేనన్నారట. ఆయన తప్పేమీ లేదు. పరాయి దేశంలో చవకగా చికిత్స చేయించుకుని, కుట్లు విప్పిన వెంటనే విమానమెక్కేవారికి ఇటువంటి రాత్రి ఒకటి ఎదురైతే ఎవరి తలుపు తట్టాలన్నదే అసలు ప్రశ్న.

విశాఖ ఆసుపత్రి బిల్లు రెండు లక్షల ముప్పై అయిదు వేలు అయింది. అక్క కొడుకు తన స్నేహితులకు ఈ అంకె, విమానం టిక్కెట్టు కలిపి లెక్క చెప్పి, ఇండియాలో ఎంత చవకో చూడండని అంటున్నాడు. అతని లెక్కలో తప్పులేదు గాని, అది పూర్తి లెక్క కాదు. ఏడు వారాల గది, రాత్రి మెలకువలు, రక్తం, చెక్క పలక, ఆరున్నరకే తీసిన తాళం ఆ బిల్లులో ఏ పద్దు కిందా లేవు. ఒమన్ నుంచి వచ్చిన ఆ పెద్దాయన వాటిలో చాలావాటిని డబ్బిచ్చి కొనుక్కుంటున్నాడు, కొన్నిటిని కొనలేక తానే చేసుకుంటున్నాడు. మాకు అవన్నీ ఊరికే వచ్చాయి. ఊరికే వచ్చాయని నేను అంటున్నానే గాని, ఎవరో ఒకరు తమ నిద్ర, తమ పని, తమ గది వదులుకున్నారు గనుక వచ్చాయి.

ఇంకొక సంగతి చెప్పకపోతే ఈ కృతజ్ఞతలు వెలితిగా ఉంటాయి. వ్యాను డ్రైవరు తల్లికి రెండు మోకాళ్ళూ అక్క మోకాలి కంటే పాడై ఉన్నాయని జనవరిలో గాని మాకు తెలియలేదు. అన్నిసార్లు మమ్మల్ని తిప్పినా అతను ఆ ఊసెత్తలేదు. ఆవిడ పేరు ఆరోగ్య కార్డులో తప్పుగా నమోదు కావడంతో పని అక్కడే ఆగిపోయింది. ఆ దిద్దుబాటు కాగితాలు మావారు పట్టుకుని తిరిగారు, ఇప్పుడు సరి అయ్యాయి. వచ్చే నెలలో బరంపురంలో ఆవిడకు మొదటి మోకాలి ఆపరేషన్. వాకర్, కమోడ్ కుర్చీ, మేజోళ్ళు ఆమె ఇంటికి చేర్చాము. మావుసీ తన ముందు గదిని మళ్ళీ ఖాళీ చేయిస్తోంది. పాతపట్నం అబ్బాయి పొద్దున్న ఏడు గంటలకు వస్తానన్నాడు. ఆవిడ కోలుకున్న తరువాత వాకర్, కుర్చీ మా ఇంటికే వస్తాయి. చుట్టుపక్కల ఎవరికి అవసరమైనా, ఏ వేళకైనా సరే, కబురు చేస్తే మేమే తెచ్చి ఇస్తాము.