పక్క జిల్లా రైతు అనుభవం మన రైతుకు చేరే దారి కావాలి

సంపాదకులకు నమస్కారం.

వ్యవసాయ సమాచారాన్ని దేశమంతటా పంచుకునే జాతీయ వ్యవస్థల నిర్మాణం ఇప్పుడు ప్రభుత్వాల ప్రాధాన్యాల్లో ముందుకు వచ్చింది. 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 2,817 కోట్ల రూపాయల అంచనా వ్యయంతో డిజిటల్ వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది. ప్రతి రైతుకూ ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చి, భూమి, పంట వివరాలను దానికి జతచేసే పని సాగుతోంది. ఈ ప్రయత్నాన్ని మనస్ఫూర్తిగా స్వాగతిస్తూనే, శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఉద్దానంలో కొబ్బరి, జీడితో పాటు పల్లపు భూమిలో వరి సాగు చేసుకుంటున్న రైతుగా ఒక విన్నపం చేయదలచాను. ఢిల్లీ నుంచి, రాష్ట్ర రాజధాని నుంచి ఊరికి సమాచారం దిగే మార్గాలు ఇప్పటికే చాలా ఉన్నాయి. ఒక జిల్లా రైతు అనుభవం అదే పంట వేసే ఇంకో జిల్లా రైతుకు సకాలంలో చేరే మార్గమే లేదు. కొత్తగా కట్టబోయే వ్యవస్థ ముందుగా ఈ లోటును పూడ్చాలి.

కొబ్బరి సంగతే తీసుకోండి. సర్పిలాకార తెల్లదోమ మన దేశంలో తొలిసారి 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి, కేరళలోని పాలక్కాడ్ ప్రాంతాల కొబ్బరి తోటల్లో కనిపించింది. ఆకుల అడుగున చేరి రసం పీల్చడం, అది విసర్జించే తీపి జిగురు కింది ఆకుల మీద పడి నల్లగా మసి కమ్మడం, క్రమంగా చెట్టు నీరసించడం అక్కడి రైతులు మనకంటే ముందు చూశారు. ఘాటైన రసాయనాలు కొడితే, తెల్లదోమ పిల్లపురుగుల్లో గుడ్లు పెట్టి వాటిని చంపే ఎన్‌కార్సియా అనే సన్నని మిత్రపురుగు కూడా చచ్చిపోయి దోమ మరింత పెరుగుతుందని శాస్త్రవేత్తలు తేల్చారు. ఆకుల అడుగుభాగం తడిసేలా నీటిని వేగంగా కొట్టడం, జిగురు పూసిన పసుపు అట్టలు కట్టడం, ఐసేరియా అనే మేలుచేసే శిలీంద్రాన్ని పిచికారీ చేయడం మంచివని చెప్పారు. మన రాష్ట్రంలోనే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఆ శిలీంద్రాన్ని పెంచి రైతులకు అందించింది. ఇంత తెలిసి ఉండి కూడా, ఉద్దానం తోటలకు ఆ దోమ వచ్చినప్పుడు మా చుట్టుపక్కల చాలామంది మొదట చేసిన పని దుకాణంలో చేతికిచ్చిన మందును కొట్టడమే. వారిని తప్పుపట్టలేను. పొల్లాచ్చిలో తెలిసినది మాకు చేరే లోపే దోమ మా చెట్ల మీద ఉంది.

తుపాను విషయంలో ఈ లోటు ఇంకా బాధాకరంగా కనిపించింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటి ఉద్దానం కొబ్బరిని, జీడిని నేలకూల్చింది. నెల దాటిన తరువాత, నవంబరు 16న, గజ తుపాను తమిళనాడులో నాగపట్టినం, తంజావూరు, పుదుక్కోట్టై, తిరువారూరు జిల్లాల కొబ్బరిని అదే తీరున పడగొట్టింది. రెండు చోట్లా రైతుల ప్రశ్నలు ఒక్కటే. వంగిపోయిన చెట్టును నిలబెడితే బతుకుతుందా? మొవ్వు మెలిపడిన చెట్టుకు ఎన్నాళ్లు గడువివ్వాలి? పడిన మొద్దులను తోటలోనే వదిలేస్తే వాటిలో కొమ్ముపురుగు పెరిగి మిగిలిన చెట్లనూ తింటుంది కనుక వాటిని ఎంత త్వరగా తీసేయాలి? కొత్త మొక్క కాపుకు వచ్చే వరకు ఏ అంతరపంటతో ఇల్లు గడుస్తుంది? ఒకే ఏడాది ఒకే దెబ్బ తిన్న ఈ రెండు ప్రాంతాల రైతులను ఒక్కసారైనా ఎదురెదురుగా కూర్చోబెట్టి ఉంటే, ఒకరు చేసి చూసినది మరొకరికి అక్కరకు వచ్చేది. ఇక్కడి అనుభవం ఇక్కడే, అక్కడి అనుభవం అక్కడే ఉండిపోయాయి. ఆ ఏళ్లలో ఎవరి తోటలో ఏ మొక్క నిలిచింది, ఏది పోయింది అన్న వివరం కూడా ఒకచోట రాసి ఉన్నట్టు కనిపించదు.

మొక్కజొన్నకు వచ్చిన కత్తెర పురుగు కథా ఇంతే. 2016లో ఆఫ్రికాను చుట్టుముట్టిన ఆ పురుగును మన దేశంలో 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గలో గుర్తించారు. రెక్కల పురుగు రాత్రిపూట చాలా దూరం ఎగిరిపోగలదు కాబట్టి అది మిగిలిన రాష్ట్రాలకు వ్యాపిస్తుందని అప్పటికే అందరికీ తెలుసు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో వరి కోసిన మాగాణుల్లో రబీ మొక్కజొన్న వేసే రైతులకు సిద్ధం కావడానికి కొన్ని నెలల వ్యవధి ఉండేది. మొక్క నడిమి ఆకుల సుడిలో ఇసుక, సున్నం 9:1 పాళ్లలో కలిపి వేయడం లాంటి చవకైన ఉపాయం చిన్న రైతుకు ఎంతో ఉపయోగం. పురుగు పెద్దదై సుడిలోకి దూరాక ఖరీదైన మందు కూడా సరిగా పనిచేయదు. ఆ వ్యవధిని వాడుకునే ఏర్పాటు లేకపోయింది.

వ్యవసాయంలో జాతీయ స్థాయి అనుసంధానం మనకు కొత్తేమీ కాదు. భారత వ్యవసాయ పరిశోధన మండలి 1957లో మొక్కజొన్నతో మొదలుపెట్టిన అఖిల భారత సమన్వయ పరిశోధన పథకాలు అచ్చంగా అలాంటి ఏర్పాటే. ఒకే రకాన్ని పలు రాష్ట్రాల్లో, పలు నేలల్లో, ఒకే పద్ధతిలో వేసి, ఫలితాలను ఒకచోట చేర్చి, నచ్చిన రకాన్ని విడుదల చేస్తారు. మా పక్కనే విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం చోడి (రాగి), సామ వంటి చిరుధాన్యాల మీద, ఆమదాలవలస పరిశోధన స్థానం గోగు మీద ఈ సమన్వయంలో భాగంగా పనిచేస్తున్నాయి. శ్రీకాకుళం సన్నాలు అని మనం పిలుచుకునే ఆర్‌జీఎల్ 2537 వరి మా జిల్లాలోని రాగోలు వ్యవసాయ పరిశోధన స్థానం ఇచ్చినదే. శాస్త్రవేత్తల మధ్య ఈ ఇచ్చిపుచ్చుకోవడం దశాబ్దాలుగా చక్కగా సాగుతోంది. విశ్వవిద్యాలయాల పరిశోధన పత్రాలను కృషికోశ్ వంటి ఇంటర్నెట్ భాండాగారాల్లో భద్రపరుస్తున్నారు. మన నేలల గురించి, మన పంటల గురించి రాసిన విలువైన విషయం అక్కడ చాలా ఉంది, కానీ ఇంగ్లిషులో ఉంది, రైతు కోసం రాసినది కాదు. పరిశోధన స్థానం కంచె దాటి ఆ ఫలితం పక్క ఊరికి రావడానికి ఒక్కోసారి ఏళ్లు పడుతోంది.

స్వర్ణ వరి చరిత్ర ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎంత మేలు చేయగలదో చూపిస్తుంది. మన మార్టేరు వరి పరిశోధన స్థానంలో పుట్టిన స్వర్ణ (ఎంటీయూ 7029) దిగుబడికి పేరుపొందింది గానీ, వరదలో వారం పైగా మునిగితే తట్టుకోలేదు. ఒడిశా రైతులు తరతరాలుగా కాపాడుకున్న ఒక నాటు రకం నుంచి వచ్చిన ఎఫ్‌ఆర్ 13ఏ అనే వరిలో మునకను తట్టుకునే గుణం ఉందని శాస్త్రవేత్తలు గుర్తించి, ఆ గుణాన్ని స్వర్ణలోకి తెచ్చారు. దాదాపు రెండు వారాల మునకను తట్టుకునే స్వర్ణ-సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. గోదావరి తీరపు వంగడం, ఒడిశా రైతు నాటు విత్తనం, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శ్రమ కలిస్తేనే అది సాధ్యపడింది. వంశధార, నాగావళి పొంగినప్పుడల్లా పంట మునిగే మా పల్లపు ఊళ్లలో ఏ రకం ఏ పొలంలో ఎన్ని రోజులు నిలిచిందో చెప్పగలిగినవారు రైతులే. ఆ మాట తిరిగి శాస్త్రవేత్తకు చేరే మార్గాన్ని కూడా ఈ జాతీయ వ్యవస్థలో కట్టాలి.

ఇప్పుడున్న మార్గాలను తక్కువచేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. 2000లో మార్కెట్ ధరలు చూపే అగ్‌మార్క్‌నెట్, 2004 జనవరి 21న కిసాన్ కాల్ సెంటర్, 2013లో ఫోన్‌కు సందేశాలు పంపే ఎంకిసాన్, 2016లో ఆన్‌లైన్ జాతీయ మార్కెట్ ఈ-నామ్, 2024 ఆగస్టు 15న జాతీయ చీడపీడల నిఘా వ్యవస్థ వచ్చాయి. మన రాష్ట్రంలో 2020లో మొదలైన రైతు భరోసా కేంద్రాలు ఇప్పుడు రైతు సేవా కేంద్రాలుగా ఉన్నాయి. వీటిలో కిసాన్ కాల్ సెంటర్ గురించి ఒక మాట చెప్పాలి. 1800-180-1551 నంబరుకు ఉదయం 6 నుంచి రాత్రి 10 గంటల వరకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో జవాబు పొందవచ్చు. అడిగిన ప్రశ్నలు జిల్లాలవారీగా నమోదవుతాయి, ఆ వివరాలు ప్రభుత్వ సమాచార వేదికలో బహిరంగంగానే ఉన్నాయి. అంటే ఈ వారం మన జిల్లాలో ఏ మండలం నుంచి ఏ తెగులు గురించి ఎక్కువమంది అడిగారో తెలుసుకోవడం సాధ్యమే. అయినా ఆ సంగతిని ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికీ, రాగోలు శాస్త్రవేత్తలకూ, మండల వ్యవసాయాధికారికీ ప్రతి సోమవారం పంపి, వారి నుంచి ఆ ప్రాంతానికి తగిన జవాబు రప్పించే ఆనవాయితీ మాకు కనిపించలేదు.

ఇంకో సంగతిని ప్రభుత్వాలు నిర్మొహమాటంగా ఒప్పుకోవాలి. 2003లో జాతీయ నమూనా సర్వే 59వ విడత రైతులను అడిగినప్పుడు, ప్రతి 10 కుటుంబాల్లో 6 కుటుంబాలకు ఆధునిక సాగు సమాచారం ఏ మార్గంలోనూ అందలేదని తేలింది. అందినవారిలో ఎక్కువమంది చెప్పినది తోటి అభ్యుదయ రైతుల పేరు, ఆ తరువాత ఎరువులు, పురుగుమందుల దుకాణదారు పేరు, రేడియో పేరు. ఆనాటితో పోలిస్తే ఫోన్లు పెరిగాయి గానీ, తోటి రైతు మాటకు, దుకాణదారు మాటకు ఉన్న బలం ఊళ్లలో తగ్గలేదు. అందుకని ఆ ఇద్దరినీ బయట ఉంచి కట్టే వ్యవస్థ నిలవదు. హైదరాబాద్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ శిక్షణ సంస్థ మేనేజ్ దుకాణదారుల కోసం నడిపే ఏడాది డిప్లొమా మంచి పని. ఆ శిక్షణ పొందినవారికి జిల్లా చీడపీడల సమాచారం వారం వారం చేరాలి, వారి దుకాణంలో ఆ కాగితం గోడకు అంటించి ఉండాలి. అప్పుడు మందు కొనడానికి వచ్చిన రైతు, మందు అవసరం లేదని కూడా అక్కడే చదువుకోగలుగుతాడు.

మా సరిహద్దు జిల్లాల పరిస్థితిని ప్రత్యేకంగా చూడాలి. ఇచ్ఛాపురం దాటితే ఒడిశాలోని గంజాం జిల్లా, పాతపట్నం దాటితే గజపతి జిల్లా. అదే నేల, అదే వాన, అవే పంటలు, చాలా ఊళ్లలో అదే బంధుత్వం. వంశధార, నాగావళి నదులు ఒడిశా కొండల్లో పుట్టి మన పొలాలకు వస్తాయి. దోమ గానీ తెగులు గానీ ముందు అటు కనిపిస్తే కొద్ది రోజుల్లో ఇటు వస్తుంది, ఇటు కనిపిస్తే అటు పోతుంది. రెండు రాష్ట్రాల కృషి విజ్ఞాన కేంద్రాలు ఖరీఫ్ నెలల్లో వారానికొక పేజీ ఇచ్చిపుచ్చుకోవడానికి పెద్ద ఖర్చు అక్కరలేదు, ఉత్తర్వు ఒకటి కావాలి. ఒడిశా 2018లో 'అమ కృషి' పేరుతో రైతు ఫోన్‌కే మాట రూపంలో సలహాలు వినిపించే ఉచిత సేవను మొదలుపెట్టింది. చదవనవసరం లేకుండా వినగలిగే ఈ పద్ధతి సీతంపేట, పార్వతీపురం, గుమ్మలక్ష్మీపురం కొండల్లో అనాస, పసుపు, జీడి, చోడి పండించే సవర, జాతాపు రైతులకు, ముఖ్యంగా పొలం పనుల్లో ఎక్కువ భాగం మోసే మహిళలకు ఎంతో అవసరం. సవర భాషలో చెప్పగలిగితే మరీ మేలు.

వాతావరణ సలహాల విషయంలో మనం కొంత వెనక్కి వెళ్లామని చెప్పక తప్పదు. కృషి విజ్ఞాన కేంద్రాల్లో నెలకొల్పిన జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలను 2024లో దేశవ్యాప్తంగా మూసివేశారు. వరి కోతల వేళ తుపాను భయంతో గడిపే మా తీరప్రాంతంలో, కోయాలా ఆగాలా అన్న ప్రశ్నకు జిల్లా స్థాయిలో జవాబిచ్చే మనిషి ఉండటం చాలా పెద్ద విషయం. ఆ విభాగాలను పునరుద్ధరించడం కొత్త యాప్ తయారుచేయడం కంటే ముందు జరగాల్సిన పని.

ధరల గురించీ కొంత చెప్పాలి. మేము జీడిపిక్కలను 80 కిలోల బస్తా లెక్కన అమ్ముకుంటాం. పలాస ధర మీద ఆఫ్రికా నుంచి దిగుమతి అయ్యే పిక్కల ప్రభావం ఉంటుంది. ఆ సంగతి వ్యాపారికి తెలుస్తుంది, అమ్మే రైతుకు తెలియదు. కొనుగోళ్లు ఎక్కువగా మార్కెట్ యార్డు వెలుపలే జరుగుతాయి కాబట్టి జాతీయ ధరల పట్టికల్లో మా పంట సరిగా కనిపించదు. దిగుమతి ధర, పలాస ధర ఒకే చోట ప్రతిరోజూ తెలుగులో కనిపించే ఏర్పాటు చేస్తే, ఏ సబ్సిడీ లేకుండానే ఉద్దానం రైతు బేరమాడే స్థితి మెరుగుపడుతుంది.

రైతు గుర్తింపు సంఖ్యతో సేకరించే వివరాలు రైతుకే ముందు ఉపయోగపడాలని, అతని అనుమతి లేకుండా మందుల, విత్తనాల కంపెనీల చేతికి పోకూడదని స్పష్టమైన నిబంధన ఉండాలి. ప్రతి సలహా మీద అది ఇచ్చిన కేంద్రం పేరు, తేదీ, ఏ నేలకు, ఏ రకానికి వర్తిస్తుందో రాసి ఉండాలి. ఫోన్లలో ఒకరి నుంచి ఒకరికి తిరుగుతున్న పాత సలహాలు, ఎవరిచ్చారో తెలియని మందుల పేర్లు మా ఊళ్లలో ఇప్పటికే తగినంత నష్టం చేశాయి.

చివరగా మీ పత్రికకే ఒక విజ్ఞప్తి. జాతీయ వ్యవస్థ ఎప్పటికి రూపుదిద్దుకున్నా, మీ జిల్లా అనుబంధంలో వారానికి ఒకరోజు అర కాలమ్ స్థలం ఈ పనికి కేటాయించండి. రాగోలు, ఆమదాలవలస, విజయనగరం, రస్తాకుంటుబాయి కేంద్రాల శాస్త్రవేత్తలు ఆ వారం పొలాల్లో చూసిన చీడపీడలను మండలాల పేర్లతో రాస్తే, వీలైతే గంజాం, గజపతి, రాయగడ జిల్లాల సమాచారాన్ని కూడా చేర్చి, ఉభాలు (వరి నాట్లు) మొదలయ్యే నాటి నుంచి కళ్లాలు (నూర్పిళ్లు) ముగిసే వరకు ప్రచురించండి. శాస్త్రవేత్తలు అంగీకరిస్తే, మా ప్రాంత రైతుల పరిశీలనలను ప్రతి వారం సేకరించి వారికి అందజేసే బాధ్యతను మాలాంటివారం తీసుకుంటాం.

ఇట్లు,
ఒక కొబ్బరి రైతు,
సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా