బకెట్టు చెప్పిన లెక్క: మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. వరంగల్‌లో బస్సెక్కితే గంటన్నరలో వచ్చే పట్టణం మాది. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. మా పట్టణంలో ప్రభుత్వ ఈతకొలను ఒకటి ఉంది. ఉంది అంటే గోడలున్నాయి, గేటుంది, గేటుకు తాళముంది. వాడుకునే వీలు మాత్రం లేదు. ఏడాదికి పైగా మూసి ఉంచి బాగుచేశారు. ఈ ఉగాది దాటిన వారానికి రిబ్బను కత్తిరించారు. ఇరవై రెండో రోజున మళ్ళీ తాళం వేశారు. ఇప్పుడు దానికి ఇంకో అంచనా తయారవుతోందని, టైల్స్ మొత్తం పగలగొట్టి మొదటి నుంచి చేస్తారని, ఆ ఫైలు త్వరలో మీ పేషీకి చేరుతుందని విన్నాను. దాని మీద మీ సంతకం పడేలోగా ఈ ఉత్తరం మీ కంటపడాలని ఇలా నలుగురి ముందూ రాస్తున్నాను.

పని చేయించిన కార్యాలయం పేరు గాని, గుత్తేదారు పేరు గాని నేను రాయడం లేదు. ఎవరినీ వీధిలో నిలబెట్టాలని నాకు లేదు. పేర్లన్నీ మీ ముందుకు వచ్చే ఫైలులో సంతకాల కింద ఉంటాయి.

పాత కొలను గురించి కొంచెం చెప్పాలి. 25 మీటర్ల పొడవు, పన్నెండున్నర మీటర్ల వెడల్పు. చూడముచ్చటగా ఏమీ ఉండేది కాదు. అక్కడక్కడా టైల్స్ లేచి పిల్లల మడమలు గీసుకుపోయేవి. బట్టలు మార్చుకునే గది తలుపుకు గడియ లేదు. ఆడపిల్లల బ్యాచి ఈదుతున్నంతసేపూ ఎవరో ఒక తల్లి తలుపు దగ్గర కాపలా నిలబడేది. బాగుచేయమని అర్జీలు పెట్టిన వాళ్లలో నేనూ ఉన్నాను, కాబట్టి ఈ పాపంలో నాకూ వాటా ఉంది. మేము అడిగినవి మూడు: ఊడిన టైల్స్, తలుపు గడియ, వడపోత యంత్రం. ఆ కొలనులో నీళ్లు కారిపోతున్నాయని మాత్రం మేమెప్పుడూ అర్జీ పెట్టలేదు. ఎందుకంటే అందులో నీళ్లు నిలిచేవి.

పని పూర్తయ్యాక వెళ్లి చూస్తే కళ్లు చెదిరాయి. గేటు మీద కమాను. ప్రహరీ గోడ నిండా ఎగిరే డాల్ఫిన్లు. (సముద్రమే లేని మా ఊళ్లో డాల్ఫిన్ గోడెక్కింది.) కొలను చుట్టూ రాత్రిపూట రంగులు మారే దీపాలు, ఫొటోలు దిగడానికి ఒక అరుగు. నడిచే దారి పొడవునా అద్దంలా మెరిసే టైల్స్ పరిచారు. తడి కాళ్లతో నడిచే చోట గరుకు రాయి పరచాలని మేస్త్రీని అడిగినా చెబుతాడు. మొదటి వారంలోనే ఇద్దరు పిల్లలు జారి పడ్డారు. ఆ తర్వాత దాని మీద గోనెపట్టాలు పరిచారు. తలుపుకు గడియ ఇప్పటికీ లేదు.

అంతకన్నా భయపెట్టింది లోతు. అడుగున పాత టైల్స్ తీయకుండానే వాటి మీద ఒక పొర కాంక్రీటు పోసి, దాని మీద కొత్త టైల్స్ అతికించారు. అడుగు లేచింది. గోడ మీద మాత్రం పాత అంకెకే కొత్త రంగు పూసి "6 అడుగులు" అని ఉంచారు. నీళ్లు నిండుగా ఉన్న రోజున వెదురు కర్ర దింపి కొలిచాను. ఐదడుగుల ఐదంగుళాలు వచ్చింది. ఆ అంకెను నమ్మి తలకిందులుగా దూకే కుర్రవాడికి ఆ ఏడంగుళాల తేడా మెడ మీద తెలుస్తుంది. నేను గొడవ పెట్టుకున్నాక అంకె మీద తెల్ల రంగు పూశారు. సరైన అంకె రాయలేదు, ఉన్నదాన్ని చెరిపేశారు.

పదో రోజుకు నీళ్లు పచ్చబడ్డాయి. మెట్ల మీద పాకుడు పట్టింది. పటిక వేశారు, బ్లీచింగ్ పౌడరు బస్తాలు మిట్టమధ్యాహ్నం కుమ్మరించారు. మన ఏప్రిల్ ఎండకు నీళ్లలోని క్లోరిన్ గంటల్లోనే విరిగిపోతుంది కాబట్టి, దాన్ని మామూలుగా పొద్దుగూకాక వేస్తారు. ఈత నీళ్లలో లీటరుకు ఒకటి నుంచి మూడు మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.2కూ 7.8కీ మధ్య ఉండాలి. ఆ రెంటినీ రెండు నిమిషాల్లో చూపించే చిన్న పరీక్ష పెట్టె ఆఫీసు బీరువాలో సీలు కూడా విప్పకుండా ఉంది. వడపోత ట్యాంకుకు బయట కొత్త రంగు వేశారు, లోపలి ఇసుక మాత్రం పాతదేనని ఆపరేటరు కుర్రవాడే చెప్పాడు. అతన్ని తప్పుపట్టలేను. తోటపని చేసే మనిషిని తెచ్చి మోటారు దగ్గర కూర్చోబెడితే అతనేం చేస్తాడు?

అయినా పాకుడు అసలు జబ్బు కాదు. పొద్దున్నే ట్యాంకర్లు రావడం చూసి నాకు అనుమానం తగిలింది. నిండిన కొలనుకు రోజూ అన్ని నీళ్లెందుకు? తాళం వేసిన మర్నాడు వాచ్‌మన్‌ను బతిమాలి లోపలికి వెళ్లాను. మోటారు ఆపి ఉంది, ట్యాంకర్లు ఆగిపోయాయి, కొలను నిండుగా ఉంది. ఒక ప్లాస్టిక్ బకెట్టును కొలను నీళ్లతోనే నింపి, నీళ్లలో మునిగి ఉన్న మెట్టు మీద కదలకుండా నిలిపి, లోపల నీటి మట్టానికి ఒక గీత, కొలను గోడ మీద ఇంకో గీత పెట్టాను. ఇందులో నా గొప్పేమీ లేదు. ఈతకొలనులు చూసుకునే వాళ్లందరూ చేసే పరీక్షే ఇది. ఎండకు ఆవిరయ్యేది రెండింటిలోనూ ఒకటే, బకెట్టు కన్నా కొలను ఎంత ఎక్కువ తగ్గితే అంత కారినట్టు. ఇరవై నాలుగు గంటల తర్వాత చూస్తే బకెట్టులో ఒక సెంటీమీటరు తగ్గింది. కొలనులో తొమ్మిది.

లెక్క మీరే వేయండి. 25ను పన్నెండున్నరతో గుణిస్తే 312.5 చదరపు మీటర్లు. అంత వైశాల్యంలో ఒక్క సెంటీమీటరు నీరంటే 3,125 లీటర్లు. ఎనిమిది సెంటీమీటర్లంటే 25,000 లీటర్లు. ఐదువేల లీటర్ల ట్యాంకర్లు ఐదు. వేసవిలో మా వీధుల్లో బిందెలు వరుస కట్టే రోజుల్లో, రోజుకు ఐదు ట్యాంకర్ల నీళ్లు డాల్ఫిన్ల కింద నుంచి భూమిలోకి పోయాయి. పచ్చదనానికి ఒక కారణమూ ఇక్కడ ఉండొచ్చు. రోజూ పాతిక వేల లీటర్ల మందు కలిపిన నీరు బయటికి పోయి, పాతిక వేల లీటర్ల మందు లేని నీరు లోపలికి వస్తుంటే క్లోరిన్ నిలవడం ఇంకా కష్టం కాదా?

ఇక మీరు తప్పక చదవాల్సిన సంగతి. తర్వాత కూడా నేను రోజూ వెళ్లి గీతలు పెట్టాను. ఆరో రోజుకు నీళ్లు దిగడం ఆగింది. ఎక్కడ ఆగిందంటే, వడపోత నుంచి శుభ్రమైన నీళ్లు తిరిగి కొలనులోకి వచ్చే గొట్టాల నోళ్లు గోడలో ఉంటాయే, సరిగ్గా ఆ మట్టం దగ్గర. అక్కడి నుంచి కొలనూ బకెట్టూ సమానంగా తగ్గుతూ వచ్చాయి. అంటే అడుగు కారడం లేదు. కింది గోడలు కారడం లేదు. ఆ గొట్టాల అతుకుల దగ్గరో, వాటి వెనకాల మట్టిలో పోయే పైపులోనో కారుతోంది. పాత కొలను కారేది కాదు కాబట్టి, కొత్త టైల్స్ పెట్టేటప్పుడు ఆ నోళ్లను కదిపి సరిగా అతకలేదని నా అనుమానం. అనుమానమే. తేల్చడానికి పైపు రెండు చివరలా బిరడాలు బిగించి, ఒత్తిడి పెట్టి, ఒత్తిడి చూపే మీటరు ముల్లు పడిపోతోందా లేదా అని చూస్తే చాలు. ఒక పూట పని.

మంత్రి గారూ, కారుతున్నది గొట్టం. కొత్త అంచనా మాత్రం కొలను మొత్తం పగలగొడతానంటోంది. పంటినొప్పికి మోకాలికి కట్టు కట్టినట్టుంది.

మొదటిసారి పని జరిగినప్పుడు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. నీళ్లు నిలవాల్సిన ఏ కట్టడానికైనా టైల్స్ అతికించక ముందే నీళ్లు నింపి, కాంక్రీటు తాగాల్సింది తాగాక, ఏడు రోజుల పాటు ఇరవై నాలుగు గంటలకోసారి మట్టం రాసుకోవాలి. ఇది మన దేశంలో సివిల్ ఇంజనీర్లు చదివే నియమం. ఏడు అంకెలు, ఒక సంతకం. ఆ కాగితం ఉంటే పని పూర్తిచేసి అప్పగించిన రోజున కొలను బాగుందని ఒప్పుకుంటాను. లేకపోతే, నీళ్లు నిలవని కొలనుకు కొలతల పుస్తకంలో ఏం రాసి బిల్లు ఇచ్చారో ఎవరైనా చెప్పాలి.

ఆ కాగితం కోసం సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి అర్జీ పెట్టాను. ముప్పై రోజుల గడువు దాటింది, జవాబు లేదు. మొదటి అప్పీలు వేశాను. ఆ చట్టంలోని 2(జె) సెక్షన్ ప్రకారం పౌరుడికి పనిని తనిఖీ చేసే హక్కే కాదు, వాడిన సామగ్రి నమూనాలు తీసుకునే హక్కు కూడా ఉంది. 2005లో వచ్చిన చట్టమిది. ఇరవై ఏళ్లు దాటినా, నమూనా ఇవ్వమంటే గుమాస్తా నన్ను ఇటుక దొంగను చూసినట్టు చూశాడు. గేటు పక్కన పని వివరాల బోర్డు ఒకటి పెట్టారు. అందులో పని పేరు ఉంది, శాఖ పేరు ఉంది. అంచనా వ్యయం, పూర్తి కావాల్సిన తేదీ అన్న గళ్లు ఖాళీగా ఉన్నాయి. పెయింటరును అడిగితే, ఆ రెండు అంకెలూ తర్వాత చెబుతామన్నారట.

ఇక్కడ కాకతీయుల పేరెత్తి మిమ్మల్ని సిగ్గుపరచను. ప్రతి సభలోనూ ఆ పేరు అరగదీశారు. ఒక్క విషయం మాత్రం చెప్పి వదిలేస్తాను. గణపతిదేవుని కాలపు పాఖాల చెరువు కింద ఇవాళ్టికీ పంటలు పండుతున్నాయంటే, అది కట్టిన రోజు గట్టితనం ఒక్కటే కాదు. చెరువులు బాగుచేసి కాపాడే వాళ్లకు దశబంధం పేరుతో మాన్యాలు ఇచ్చారు. తూము ఎత్తి దించడానికి ఊరూరా నీరటి ఉండేవాడు, అతని కడుపు నింపే ఏర్పాటూ ఉండేది. మా కొలను మీద అంత ఖర్చయిందే, అందులో శిక్షణ పొందిన ఆపరేటరు ఏడాది జీతానికి ఒక్క పద్దు ఉందా? మునిగేవాళ్లను కాపాడే ఇద్దరు రక్షకులకు ఉందా? కట్టడానికి డబ్బు ఒక ఖాతా నుంచి వస్తుంది, నడపడానికి ఏ ఖాతా నుంచీ రాదు. నిన్నటి కొలను అందుకే చెడింది. రేపటిదీ అందుకే చెడుతుంది.

నేను మోట బావిలో జీలుగు బెండ్లు నడుముకు కట్టుకుని ఈత నేర్చుకున్నాను. మా నాన్న గట్టు మీద తాడు పట్టుకుని నిలబడేవాడు. ఇప్పుడు ఆ బావులు పూడిపోయాయి. మిగిలినవి ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాలువ, గ్రానైటు తీసి వదిలేసిన క్వారీ గుంతలు. కాలువ గట్టుకు సిమెంటు లైనింగు వేశారు కాబట్టి, పడినవాడికి పట్టుకోవడానికి గడ్డిపరక కూడా దొరకదు. క్వారీ గుంతలో నాలుగడుగుల తర్వాత నలభై అడుగుల లోతు ఉండొచ్చు. మొన్న సాయంత్రం అరడజను మంది కుర్రాళ్లు తువ్వాళ్లు భుజాన వేసుకుని కాలువ వైపు పోతుంటే ఆపాను. "కొలను ఎప్పుడు తెరుస్తారు సార్?" అన్నాడు ఒకడు. నేను తలొంచుకున్నాను. ఆడపిల్లలకైతే ఆ కాలువ కూడా లేదు. ఆ ఇరవై రెండు రోజుల్లోనే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఆధారం వదిలి సగం కొలను ఈదింది. మిగతా సగం ఎక్కడ ఈదాలో ఆమెకు ఎవరు చెబుతారు?

కాబట్టి నా విన్నపం ఇది. రెండో అంచనా ఫైలును పక్కన పెట్టండి. ముందు పైపుల పరీక్ష చేయించండి, మాలాంటి నలుగురి ఎదుట. తప్పు గుత్తేదారుదని తేలితే, లోపాలు సరిదిద్దే బాధ్యత గడువు ఇంకా ముగిసి ఉండదు, ఆయన డిపాజిట్టు ఇంకా ప్రభుత్వం దగ్గరే ఉండాలి. ఖర్చు అందులోంచి పెట్టించండి. ఉండాల్సిన డిపాజిట్టు లేకపోతే, అదెప్పుడు ఎవరి సంతకంతో వెనక్కి వెళ్లిందో అడగండి. గోడ మీద సరైన లోతు రాయించండి, దీనికి ఒక డబ్బా రంగు చాలు. గది తలుపుకు గడియ పెట్టించండి. అది నేనే కొనిచ్చేవాణ్ణి, కానీ ప్రభుత్వ ఆస్తికి ప్రైవేటు గడియ బిగించే అధికారం తమకు లేదన్నారు.

మీరు వచ్చినా, మీరు నమ్మే ఇంజనీరును పంపినా ముందుగా ఏర్పాట్లేమీ అక్కర్లేదు. పొద్దున ఆరున్నరకు నేను గేటు దగ్గర ఉంటాను. గోడ మీద నా గీతలు ఇంకా చెరిగిపోలేదు. తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుంటుంది, బకెట్టు నేను తెస్తాను.

ఇట్లు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు ఒకరు