థర్మకోల్ కొండ మీద స్ప్రే పెయింట్ కొట్టకండి

సంపాదకుల వారికి,

బల్ల మీద బొమ్మ సైనికులతో ఆడే యుద్ధక్రీడల కోసం గోల్కొండ గుట్టను ఎలా తయారు చేయాలో మీ ఆదివారం అనుబంధంలో రాశారు. తెలుగు పత్రికలో ఈ పనికి ఒక పేజీ దక్కడం చాలా సంతోషం. అయితే 'థర్మకోల్‌ను కోసి, పైన నల్ల స్ప్రే పెయింట్ కొట్టాలి' అన్న వాక్యాన్ని దయచేసి వెంటనే సవరించండి. స్ప్రే డబ్బాల్లో ఉండే అసిటోన్, టోలిన్ వంటి ద్రావకాలు థర్మకోల్‌లోని ప్లాస్టిక్ అయిన పాలీస్టైరీన్‌ను కరిగించేస్తాయి. చూస్తుండగానే గుట్ట గుంటలు పడి కుంగిపోతుంది. రబ్బరు జిగురు పూసినా ఇదే గతి.

థర్మకోల్ బదులు, ఇన్సులేషన్ కోసం అమ్మే 25 మి.మీ. ఎక్స్‌పీఎస్ బోర్డు (ఇదీ పాలీస్టైరీనే, కానీ పూసలు లేని గట్టి నురగ పలక) వాడితే పూసలు రాలవు, అంచులు నిలుస్తాయి. కట్టర్ బ్లేడును బాగా బయటికి లాగి, నొక్కకుండా రంపంలా ఆడించాలి. మొద్దుబారితే బోర్డు చిరుగుతుంది కాబట్టి కొనను తరచూ విరిచేయాలి. వేడి తీగతో కోసేవారు కిటికీలు తెరిచి పెట్టాలి, ఆ పొగ పీల్చకూడదు.

పొరలను ఫెవికాల్‌తో అతికించేటప్పుడు ఒక చిక్కుంది. రెండు బోర్డుల మధ్య ఇరుక్కున్న జిగురులోని నీటికి బయటికి పోయే దారి ఉండదు. అంచులు ఎండినా, నడిమి జిగురు రోజుల తరబడి పచ్చిగానే ఉంటుంది. పలచగా చుక్కలు పెట్టి, టూత్‌పిక్‌లు గుచ్చి, కనీసం ఒక రోజు బరువు కింద ఉంచండి.

గుట్ట మొత్తం కట్టాలనుకోవడమూ కుదరదు. 28 మి.మీ. బొమ్మలకు స్కేలు దాదాపు 1:56. గోల్కొండ గుట్ట ఎత్తు సుమారు 120 మీటర్లు, ఆ లెక్కన బల్ల మీద రెండు మీటర్లు దాటుతుంది! 1687లో మొగలు సేన చొరబడిన ఫతే దర్వాజా ఒక్కటీ, పక్కన కొన్ని గుండ్రాళ్లూ చాలు. బొమ్మలు నిలబడే చోట నాలుగు సెంటీమీటర్ల చదును తప్పక వదలండి. వాలు మీద పెడితే జారిపోతాయి.

మన దక్కను గుండ్లు మొనదేలి ఉండవు. ముక్కల అంచులను ఉప్పు కాగితంతో గుండ్రంగా అరగదీసి, నలిపి ఉండ చేసిన అల్యూమినియం రేకును అంతటా అద్దితే గ్రానైట్ గరుకుతనం వచ్చేస్తుంది. తర్వాత రెండు పాళ్లు ఫెవికాల్, ఒక పాలు నల్ల యాక్రిలిక్ రంగు కలిపి బ్రష్‌తో రెండు పూతలు వేయండి. ఇదే గుట్టకు కవచం. అయినా సూదిమొనంత ఖాళీ మిగిలితే చాలు, స్ప్రే అక్కడి నుంచే తినేస్తుంది. కాబట్టి మొత్తం పని బ్రష్‌తోనే కానివ్వండి.

అడుగున 3 మి.మీ. ఎండీఎఫ్ (చెక్క పీచును నొక్కి చేసిన పలక) పెట్టి, కింది వైపు కూడా ఒక పూత రంగు వేయాలి. ఒక్క వైపే తడిస్తే ఆరేటప్పుడు చెక్క వంకర పోతుంది. ఫెవికాల్ పూసి, జల్లించి కడిగి ఎండబెట్టిన ఇసుక చల్లి రాత్రంతా వదిలేయండి. మర్నాడు నాలుగు పాళ్ల నీళ్లలో ఒక పాలు ఫెవికాల్, ఒక చుక్క గిన్నెల సబ్బు ద్రవం కలిపి పోయాలి. సబ్బు లేకపోతే నీళ్లు ఇసుకలోకి ఇంకవు, పైనే బొట్లుగా నిలిచిపోతాయి.

రంగుల్లో ఉత్త బూడిద రంగు చూపితే అది మన రాయి కాదు. అందులో కాస్త గులాబీ మట్టిరంగు పడాలి. బ్రష్‌ను కాగితం మీద తుడిచి తుడిచి, రంగు దాదాపు పోయాక పైపైన రాయండి. చివరగా గుండు పైనుంచి కిందికి పలచటి నల్లటి చారలు దింపితే వాననీరు జారిన మరకలు కనిపిస్తాయి. నా దృష్టిలో గుండుకు ప్రాణం పోసేది ఈ చారలే. మీ వ్యాసంలో వాటి ఊసే లేదు.

వార్నిష్ నీటి ఆధారితమైన మ్యాట్‌ది తీసుకుని బ్రష్‌తోనే వేయాలి. వానాకాలం గాలిలో తేమకు స్ప్రే వార్నిష్ తెల్లగా పొగబారుతుంది. దసరా సెలవుల్లో పిల్లలు ఈ పని మొదలుపెట్టేలోగా సవరణ వేయగలరు.

భవదీయుడు,
ఒక పాఠకుడు, హైదరాబాద్