ఎలబానా జలపాతం దగ్గర నాకు తోడు నిలిచినవాళ్లకు

బ్రిస్బేన్‌లోని మన తెలుగువాళ్లందరికీ నమస్కారం. లామింగ్టన్ నేషనల్ పార్కులో నా కాలికి దెబ్బ తగిలిందని తెలిసి చాలామంది ఫోన్ చేశారు. ఇప్పుడు బాగానే ఉన్నాను. నన్ను ఆ అడవిలోంచి బయటికి తెచ్చినవాళ్లకు ఇంగ్లీషులో థాంక్స్ చెప్పాను. కానీ వాళ్లు చేసిందేమిటో మనవాళ్లకూ తెలియాలని ఇది రాస్తున్నాను.

మేం ఏడుగురం. గ్రీన్ మౌంటెన్స్ వైపు నుంచి బాక్స్ ఫారెస్ట్ సర్క్యూట్, దాదాపు 11 కిలోమీటర్ల నడక. అక్కడి బ్రష్ బాక్స్ మానుల్లో కొన్నింటికి 1,500 ఏళ్లుంటాయని కార్బన్ డేటింగ్‌లో తేలింది. వాటి కింద పట్టపగలే మసక చీకటి. ఎలబానా జలపాతం దగ్గర ఆ రోజు మేం తప్ప ఎవరూ లేరు. నాచు పట్టిన రాళ్ల మీద వాగు దాటుతుంటే కాలు జారి మడమ మెలిపడింది. కింద ఆనిస్తే ప్రాణం పోయినంత నొప్పి. ఫోన్‌లో సిగ్నల్ లేదు.

మా లీడర్ రిటైరైన నర్సు. బూటు, సాక్సు నెమ్మదిగా తీసి, ఎముక మీద బొటనవేలితో నొక్కి చూస్తూ, కాలి వేళ్లు కదపమన్నారు. ఆవిడ సంచిలో రెండు కట్లున్నాయి. ఒకటి పాము కాటుకు కట్టేది. దాని మీద దీర్ఘచతురస్రాలు అచ్చువేసి ఉంటాయి, సరైన బిగువుకు లాగితే అవి చతురస్రాలవుతాయి. దాన్ని మాత్రం ముట్టుకోలేదు. ఇంకా చాలా దారి ఉంది, ఇది ఎవరికి అవసరమవుతుందో అన్నారు. మామూలు క్రేప్ బ్యాండేజీతోనే నా కాలు కట్టారు. తర్వాత పీఎల్‌బీ అనే చిన్న అత్యవసర పరికరం తీసి చూపించారు. నొక్కితే ఉపగ్రహం ద్వారా రెస్క్యూ వాళ్లకు కబురు వెళ్తుంది. "నడవలేనంటే వెంటనే నొక్కేస్తాను, మొహమాటపడొద్దు" అన్నారు. ఆ మాటతో నా టెన్షన్ సగం తగ్గింది.

మెల్లగా నడుస్తానన్నాను. ఒకాయన తన రెండు చేతికర్రలూ ఇచ్చేశారు. ఇంకో ఇద్దరు నా సామాను పంచుకున్నారు. ఆగిన ప్రతిచోటా జలగలు కట్టు మీదికి పాకుతుంటే, యూనివర్సిటీలో చదువుతున్న కుర్రాడు పక్కన కూర్చుని ఒక్కోటీ తీసి పడేశాడు. అసహ్యించుకోలేదు, విసుక్కోలేదు. దారికి అడ్డంగా వేలాడే ముళ్ల తీగల్ని ముందు వెళ్లేవాళ్లు పట్టుకుని నిలబడేవారు. చీకటి పడేలా ఉన్నా తొందరపెట్టిన మనిషి లేడు.

లామింగ్టన్‌లో చాలా నడక దారులు 1930ల మాంద్యం రోజుల్లో పనుల్లేని కూలీలు వేసినవి. వాలు మెత్తగా ఉండేలా వేశారు. కుంటుతూ కూడా నడవగలిగానంటే అందుకే. వాళ్లకూ నా దండాలు.

మా గుంపులో ఉన్న తెలుగు అక్కకు, బావగారికి ప్రత్యేకంగా చెప్పాలి. కారు వెనక సీట్లో కాలు చాపుకోనిచ్చి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఎక్స్‌రేలో ఎముకలో చిన్న చీలిక కనిపించి, కాలు కదలకుండా పట్టి ఉంచే బూట్ వేసేదాకా, అర్ధరాత్రి దాటినా నా పక్కనే ఉన్నారు. ఊళ్లో అమ్మకు నేను చెప్పలేకపోతే అక్కే ఫోన్ చేసి, కంగారు పడకుండా నచ్చజెప్పింది. మర్నాటి నుంచి పప్పుచారు, చారన్నం ఇంటికి పంపుతూనే ఉంది.

అక్కా, డాక్టర్ బూట్ తీసేశాక వాళ్లందరినీ మా ఇంటికి భోజనానికి పిలుస్తున్నాను. గుత్తి వంకాయ నేనే చేస్తాను, నువ్వు ఊరికే వచ్చి కూర్చో.